పంచదార రిబ్బను

పాకం విషయంలో నాకు మరొకరు పాఠం చెప్పవలసిన పని లేదని మొన్న మొన్నటి దాకా నాకో గట్టి నమ్మకం వుండేది. ఉత్తి గొప్పలు కావు లెండి. మా ఇళ్ళలో ఏ పిల్లకు పెళ్ళయినా సారెలోకి పంచదార చిలకలు పోసేది నేనే. చలిమిడికి పాకం ఎప్పుడు దింపాలో గరిటె పైకెత్తి, జారే ధార చూసి చెప్పేస్తాను. అటువంటి నన్ను కిందటేడు శ్రావణంలో ఒక కేకూ, దాని నెత్తిమీద కూర్చున్న పంచదార రిబ్బనూ కలిసి నలుగురిలో తలెత్తుకోకుండా చేశాయి.

కాకినాడలో మా అన్నయ్య కూతురు వుంది. పిల్లవాడు పుట్టాక ఉద్యోగం మానేసింది. వూరికే కూర్చోవడం ఇష్టం లేక కేకులు చెయ్యడం నేర్చుకుని, వాయిదాల మీద ఓవెను కొనుక్కుంది. వీధిలోవాళ్ళు పుట్టినరోజులకు అరకిలో, కిలో చేయించుకునేవారు. ఓవెను వాయిదా కేకుల డబ్బుతోనే కట్టాలి గాని మొగుణ్ణి అడగకూడదని దాని పంతం. ఆ పంతం నాకు నచ్చింది. ఆ నెల నేను వాళ్ళింట్లోనే వున్నాను.

ఒకనాడు పక్క వీధినుంచి ఒకావిడ వచ్చి, మనమరాలి మొదటి పుట్టినరోజుకు రెండు కిలోల కేకు కావాలంది. ఫోనులో బొమ్మ చూపించింది. పింగాణీ గిన్నె బోర్లించినట్టు తెల్లగా, నున్నగా వున్న కేకు. పైన గులాబిరంగు పట్టు రిబ్బనుతో కట్టిన పెద్ద పువ్వు. మా చిన్నతనంలో జడ కొసలకు రిబ్బను పువ్వులు కట్టేవారు చూడండి, అచ్చం అదే. ఇప్పటి పిల్లలు దాన్ని 'బో' అంటారు.

"నిజం రిబ్బను కాదు కదమ్మా? పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు" అందావిడ.

"కాదండీ, అంతా పంచదారే" అంది మా పిల్ల.

రెండువేల అయిదువందలకు బేరం కుదిరింది. వెయ్యి ముందే ఇచ్చి వెళ్ళింది. దానికి అంతవరకు వచ్చిన బేరాలలో అదే పెద్దది.

ఆ పంచదార ముద్ద పేరు ఫాండెంటు. ఫ్రెంచి మాట, 'కరిగేది' అని అర్థం. అసలు ఫాండెంటు పొయ్యి మీద పుడుతుంది. పంచదార పాకాన్ని 115 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కాచి, అంటే చన్నీళ్ళలో వేస్తే మెత్తటి వుండ కట్టేదాకా అన్నమాట, దింపి, గోరువెచ్చన అయ్యేదాకా ముట్టుకోకుండా వుంచి, ఆ తరువాత బలం కొద్దీ చిలుకుతారు. చూస్తూవుండగానే పాలలా తెల్లబడి, వెన్నలా ముద్ద కడుతుంది. వేడి మీద కదిపితే పెద్ద పలుకులు కడతాయి. చల్లారాక చిలికితే నాలుకకు తెలియనంత సన్నటి పలుకులు పుడతాయి. కిటుకంతా అదే. ఇది మా మేనకోడలు చెబుతూవుంటే నాకు నవ్వు వచ్చింది. పంచదార చిలకలు పోసేవాళ్ళకు ఇది తెలియనిదా? చిలక గట్టిగా నిలబడాలి గనక మనం పలుకు కట్టనిస్తాం, వాళ్ళు మెత్తగా వుండాలి గనక కట్టనివ్వరు. పలుకు పెరక్కుండా వాళ్ళు గ్లూకోజు పాకం పోస్తారు, మనం నిమ్మరసం చుక్క పిండుతాం.

కేకు మీద దుప్పటిలా కప్పేది మాత్రం దీని చెల్లెలు. దానికి పాకం పట్టక్కరలేదు, పిండి కలిపినట్టు కలపడమే. ఇంట్లో చేసుకోదలచినవారికి కొలతలు చెబుతాను: అరకిలో ఐసింగు షుగరు, 30 మిల్లీలీటర్ల నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నె మీద కరిగించిన ఒకటిన్నర టీస్పూను జెలటిను, పావుకప్పు చిక్కటి గ్లూకోజు పాకం, రెండు టీస్పూన్ల గ్లిసరిను. చేతికి అంటకుండా కాస్త వనస్పతి. పూరీపిండిలా మెత్తగా మర్దించి, గాలి తగలకుండా గట్టిగా చుట్టి ఒక రాత్రి వుంచాలి. ఇంట్లో మిక్సీ పట్టిన పంచదార పనికిరాదు. ఎంత జల్లించినా సన్నటి రవ్వ మిగిలి, వత్తినప్పుడు బిళ్ళంతా చిరుగులు పడుతుంది. బజారు ఐసింగు షుగరులో మొక్కజొన్న పిండి కూడా కలిసి వుంటుంది, అది తేమ లాగుతుంది.

అన్నట్టు, జెలటిను జంతువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసేది. శాకాహారుల ఇంటికి చేస్తూ ఈ సంగతి దాచడం మహాపాపం. గుడ్డు లేని కేకు చేసి, దానిమీద జెలటిను కప్పి పంపేవాళ్ళను నేను ఎరుగుదును. జెలటిను లేనివి కూడా దుకాణాలలో దొరుకుతాయి. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క వుందో లేదో చూసి తెచ్చుకోండి.

ఇక నా ఘనకార్యం వినండి. బేరం తెచ్చినావిడకు క్రీము కేకు ఇష్టం. అందుకని మా పిల్ల కేకు పొరల మధ్య, పైనా, పక్కలా గిలక్కొట్టిన క్రీము పూసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టింది. పొద్దున్న ఫాండెంటు వత్తుతూవుంటే నేను పక్కన కూర్చుని కూర తరుగుతున్నాను. బిళ్ళ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వుంది. కేకు పక్కలు చూస్తే కాస్త ఎగుడుదిగుడుగా కనిపించాయి.

"అదేమిటే, అంత పల్చగా వేస్తావు? కాస్త మందంగా వెయ్యి. కింద వంకరలన్నీ కప్పడిపోతాయి" అన్నాను.

"అంతేనంటావా అత్తయ్యా?"

"నా మాట విను" అన్నాను. చూడండి, పెద్దరికం ఎక్కడ వాడాలో తెలియకపోతే ఇలాగే వుంటుంది. అది మారు మాట్లాడకుండా రెట్టింపు మందాన వత్తి కప్పింది. మిగిలిన ముద్దలో రంగు కలిపి అప్పటికప్పుడే రిబ్బను పువ్వూ చేసి, మధ్యాన్నం దాకా ఆరబెట్టి పైన పెట్టి, మళ్ళీ ఫ్రిజ్‌లోకి తోసింది.

సాయంత్రం సన్నగా వాన. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఫంక్షను హాలుకు తీసుకువెళ్ళాం. బల్లమీద పెట్టేటప్పటికి బాగానే వుంది. ఫోటోలు కూడా తీశారు. పావుగంట గడిచేసరికి కేకు ఒళ్ళంతా ముత్యాల్లా నీటి చుక్కలు పుట్టుకొచ్చాయి. అరగంటకు గులాబిరంగు చారలు చారలుగా తెలుపు మీదికి కారింది. రిబ్బను రెక్కలు తడిసిన అప్పడాల్లా రెండు పక్కలా వాలిపోయాయి. బరువుకు పైఅంచు దగ్గర చిరిగి, తోలంతా కిందికి జారి, అడుగున ముసలి ఏనుగు కాలికి పడ్డట్టు ముడతలు పడింది. ఒక పక్క పొట్ట కూడా వచ్చింది.

"అమ్మమ్మా, కేకు ఏడుస్తోందే!" అన్నాడొక కుర్రాడు. హాలంతా నవ్వారు. మా పిల్ల నవ్వలేదు.

తిన్నవాళ్ళు రుచి బాగుందన్నారు, అది వేరే సంగతి. ఆవిడ మిగతా పదిహేనువందలు ఇవ్వలేదు, మేము అడగనూ లేదు. మర్నాడు మా పిల్ల ఓవెను తుడిచి, పాత దుప్పటి ఒకటి తెచ్చి దానిమీద కప్పేసింది. "నాకు చేతకాదత్తయ్యా. నాలుగు రోజులుపోయాక ఎవరికైనా అమ్మేద్దాం" అంది. నేను "ఊఁ" అని వూరుకున్నాను. మందంగా వెయ్యమన్నది నేనేనన్న మాట నోటి చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు పొద్దున్నే కాఫీ కలిపి ఇస్తూ, "తప్పులో సగం నాది" అన్నాను.

"సగం కాదు, పావు" అంది అది. మూడు రోజుల తరువాత దాని మొహాన నవ్వు చూడడం అదే. అలా అయితే మిగతా ముప్పావు ఎవరిదో తేలుద్దామని ఇద్దరం కూర్చున్నాం.

తేలింది ఏమిటంటే, అది నేర్చుకున్న పాఠాలన్నీ చలిదేశాల వాళ్ళు చేసి చూపించినవి. అక్కడ గాలి పొడి. మన కాకినాడలో శ్రావణమాసపు గాలి పిండితే నీళ్ళు కారతాయి. పంచదారకు నీటి మీద ఉన్న మమకారం మీకు తెలియనిది కాదు, మూత పెట్టని సీసాలో ఏమవుతుందో చూస్తూనే వుంటారు. గ్లిసరిను దానికి రెండాకులు ఎక్కువ చదివింది. అది ముద్దను మెత్తగా వుంచేదే గాలిలో తేమను పట్టి. అందుకే వానాకాలంలో గ్లిసరిను సగానికి తగ్గించాలి. ఇక చల్లటి కేకును ఫ్రిజ్‌నుంచి తీసి ఆ గాలిలో పెట్టడమంటే, మంచినీళ్ళ గ్లాసుకు బయట చెమట పట్టినట్టే. కేకు ఏడవలేదు, చెమర్చింది. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే అట్టపెట్టెలో మూసి పెట్టాలి. తీశాక లోపలి చలి పోయేదాకా, రెండు మూడు గంటలైనా సరే, పెట్టె తెరవకూడదు. అప్పుడు చెమట పెట్టెకు పడుతుంది గాని కేకుకు పట్టదు. ఒకవేళ చెమర్చినా తుడవకండి. తుడిచారంటే మరకే. ఫంకా కింద వదిలేస్తే దానంతట అదే ఆరుతుంది.

క్రీము సంగతి ఇంకా అన్యాయం. గిలక్కొట్టిన క్రీములో నీరుంటుంది. ఆ నీరు ఫాండెంటును లోపలినుంచి కరిగిస్తుంది. పైన గాలి, కింద క్రీము, మధ్య పంచదార ఎక్కడికి పోతుంది? ఫాండెంటు కింద వెన్నా పంచదారా గిలక్కొట్టిన పూతైనా వుండాలి, చాక్లెట్టు గనాష్ అయినా వుండాలి. మన వేడికి గనాష్ నయమని మా పిల్ల తేల్చింది. నల్ల చాక్లెట్టు రెండుపాళ్ళు, క్రీము ఒక పాలు తూచి, వేడి క్రీములో చాక్లెట్టు కరిగించి, రాత్రంతా వుంచితే పొద్దుటికి పూతకు వస్తుంది. తెల్ల చాక్లెట్టు అయితే మూడు పాళ్ళు కావాలి.

నేను కప్పిపుచ్చమన్న వంకరలున్నాయే, అసలు కథ అక్కడ వుంది. ఫాండెంటు దేన్నీ దాచదు. పల్చటి జరీచీర కింద నలిగిన లంగా కట్టుకున్నట్టు, కింద వున్న ప్రతి గుంటా పైకి చూపిస్తుంది. మందంగా వేస్తే గుంటలు పోవు, బరువు పెరిగి చిరుగుతుంది. నునుపు రావలసింది కింది పూతకు. కేకు పొరలు పేర్చాక, పైన పళ్ళెం పెట్టి దానిమీద చిన్న బరువు వుంచి, కొన్ని గంటలు కూర్చోనివ్వాలి. అలా చెయ్యకపోతే కప్పిన తరువాత కూర్చుంటుంది, లోపలి గాలి పక్కకు తన్ని పొట్ట వస్తుంది. తరువాత గనాష్ పూసి, గట్టిపడ్డాక వేడినీళ్ళలో ముంచి తుడిచిన అట్లకాడతో చదును చెయ్యాలి. అంచులు పదునుగా వచ్చేదాకా వదలకూడదు. మా పిల్లకు ఈ ఒక్క పనికి గంటన్నర పట్టింది. కప్పడానికి పట్టింది అయిదు నిమిషాలు.

బిళ్ళ ఎంత వత్తాలి అంటే, కేకు వెడల్పుకు ఎత్తు రెండుసార్లు కలపండి. ఎనిమిది అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు వుంటే పదహారు. చేతివాటానికి మరో రెండు అంగుళాలు. కింద మొక్కజొన్న పిండి చిటికెడే చల్లాలి. ఎక్కువైతే ముద్ద ఎండిపోయి, పగుళ్ళు పడుతుంది. అప్పడాలకర్ర మీద చుట్టి తెచ్చి కేకు మీద పరిచాక, ముందు పైభాగం, తరువాత అంచు, ఆ తరువాతే పక్కలు అరచేత్తో నిమరాలి. పక్కల కుచ్చెళ్ళు పడతాయి. వాటిని నొక్కకూడదు, పావడా అంచులా బయటికి లాగి విప్పుతూ కిందికి సర్దాలి. గాలిబుడగ కనిపిస్తే సూదితో పక్కగా గుచ్చి, వేలితో గాలి నెట్టెయ్యాలి. ఆ సూది మాత్రం పెద్ద ఎర్రతల వున్నదై వుండాలి, పని కాగానే దాని స్థానంలో అది వుందో లేదో చూసుకోవాలి. పసిపిల్లలు తినే వస్తువు మరి. చివర నున్నటి ప్లాస్టిక్ పలకలు రెండు తీసుకుని, ఒకటి పైన, ఒకటి పక్కన ఒకేసారి ఇస్త్రీ చేసినట్టు తిప్పితే అంచు తేరుతుంది. ఎక్కడైనా తోలు పగిలితే వేలికి కాస్త వనస్పతి రాసి గుండ్రంగా రుద్దండి, మాయమవుతుంది.

ఇంగ్లండులో ఈ మెత్తటి పూత మొన్నటిదే. పూర్వం వాళ్ళు గుడ్డు తెల్లసొనలో పంచదార కలిపి పూసేవారు. ఎండితే రాయి. విక్టోరియా రాణి 1840 పెళ్ళికేకు దాదాపు మూడువందల పౌన్ల బరువుండేదట. ఆ తోలు కొయ్యడానికి ఏ కత్తి వాడారోనని మా పిల్ల అనుమానం.

రిబ్బను పువ్వు దగ్గర మేము ఓడిన సార్లు లెక్కలేదు. మొదటిది వాలింది, రెండోది విరిగింది, మూడోది మా మనవడు ఆరకముందే తినేశాడు. చివరికి తెలిసిందేమిటంటే, కప్పే ముద్ద వేరు, రిబ్బను ముద్ద వేరు. పాతికతులాల ముద్దకు, అంటే పావుకిలో దాటి మరికొంత అనుకోండి, సి.ఎం.సి. అనే తెల్లపొడి ఒక టీస్పూను కలిపి రాత్రంతా వుంచాలి. పిండివంటల సామాను అమ్మే చోట దొరుకుతుంది. అది కలిస్తే ముద్ద సాగుతుంది, ఆరితే గట్టిపడుతుంది. రంగు పొద్దుటికి ఒక మెట్టు ముదురుతుంది గనక తక్కువ వెయ్యాలి. నీళ్ళరంగు వద్దు, చిక్కటి జెల్‌రంగే వెయ్యాలి.

రెండు మిల్లీమీటర్ల మందాన వత్తి, రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడుగున రెండు పట్టీలు కొయ్యండి. ప్రతి పట్టీ రెండు కొసలనూ చీర కుచ్చెళ్ళు పోసినట్టు చిన్నగా ముడవండి. కాగితపు రుమాలు చుట్టచుట్టి పట్టీ మధ్య పెట్టి, దానిమీదుగా మడిచి కొసలు కలిపి నొక్కండి. అదే ఒక రెక్క. రెక్క పక్కమీద పడుకోబెట్టి ఆరబెట్టాలి గాని నిలబెట్టకూడదు. కాగితం తీసెయ్యాలనే తొందర వద్దు. పొడి రోజుల్లో ఒక రోజు, వానాకాలంలో రెండు మూడు రోజులు. గిల్లితే గోరు దిగకూడదు, అదే గుర్తు. జారుతోకలు మాత్రం అప్పటికప్పుడు కోసి, మెత్తగా వుండగానే కేకు మీద వంపుగా వెయ్యాలి. రెక్కలు తోకల మీద కరిగించిన చాక్లెట్టుతో అంటించి, మధ్యన చిన్న పట్టీ ముడిలా చుట్టేస్తే చూసినవాళ్ళు గుడ్డే అనుకుంటారు. పుల్లలూ, తీగలూ గుచ్చవద్దు.

ఆరిన రెక్కలను ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెడితే మళ్ళీ మెత్తబడతాయి. అట్టపెట్టెలో పెడితే వారాలు నిలుస్తాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు నాలుగు జతల రెక్కలు ఖర్చయ్యాయి.

కార్తీకమాసం వచ్చింది. గాలి కాస్త పొడిబారింది. ఒక ఆదివారం మా పిల్ల ఓవెను మీది దుప్పటి తీసి, ఎవరూ అడక్కుండానే చిన్న కేకు ఒకటి చేసింది. తెల్లటి పూత, మీద గులాబిరంగు రిబ్బను పువ్వు. "ఎవరికే?" అంటే చెప్పలేదు. పెట్టెలో పెట్టుకుని పక్క వీధికి బయలుదేరింది. నేనూ వెంట నడిచాను.

ఆవిడ తలుపు తీసి మమ్మల్ని చూసి తడబడింది. డబ్బు అడగవచ్చామనుకుంది కాబోలు.

"మీ మనమరాలికి నేను కేకు బాకీ వున్నానండీ" అంది మా పిల్ల.

ఆవిడ పెట్టె తెరిచి చాలాసేపు చూసింది. రెక్కను వేలితో తట్టింది. టకటకమని చప్పుడయింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి మాకు కాఫీ తెచ్చింది. కేకు కోసి పిల్లలకు పెట్టింది గాని పువ్వును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. జాగ్రత్తగా ఎత్తి, అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మల పక్కన పెట్టింది.

అయిదో రోజున ఫోను చేసింది.

"అమ్మాయీ, నీ పువ్వుకు చీమలు పట్టాయమ్మా. ఇంకొకటి చేసిపెడతావా? మా పెద్దమనవడి పుట్టినరోజు వస్తోంది, కేకు కూడా కావాలి. ఈసారి మొత్తం ముందే ఇస్తాను, ఆ పాతది కూడా కలిపి చెప్పు."

మా పిల్ల ఫోను పక్కకు పట్టుకుని నా వంక చూసింది. "మగపిల్లవాడికి రిబ్బను ఏ రంగుది పెడదాం అత్తయ్యా?"

ఈసారి నేను సలహా చెప్పలేదు.